పేరు ముందు డాక్టరు: గోదావరి జిల్లాల టీచర్లకు ఏ దారి?

పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్ క్యాంపులో టీ విరామం పావుగంట. ఏటా ఆ పావుగంటలో ఇద్దరు ముగ్గురైనా నన్ను పక్కకు పిలిచి ఇదే అడుగుతారు. "మాస్టారూ, స్కూల్ అడ్మినిస్ట్రేషన్ మీద డాక్టరేట్ చేద్దామనుకుంటున్నానండీ. నన్నయ యూనివర్సిటీలో చేరమంటారా, ఆంధ్రా యూనివర్సిటీలోనా? ఎవరో ఫోన్ చేసి, ఆన్‌లైన్లో ఏడాదిన్నరకి అయిపోద్దంటున్నారు. అదెలా ఉంటుందంటారు?" టీ చల్లారేలోపు చెప్పే జవాబు కాదది. కోనసీమలో హైస్కూలు హెడ్మాస్టరుగా ఉంటూ, పార్ట్‌టైమ్‌లో పీహెచ్‌డీ పూర్తిచేసినవాణ్ణి కాబట్టి తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

చేదు మాత్ర ముందే వేసేస్తాను. బడిలో డాక్టరేట్ వల్ల ప్రమోషన్ రాదు. స్కూల్ అసిస్టెంటు హెడ్మాస్టరు కావాలంటే సీనియారిటీ కావాలి, ఈఓటీ, జీఓటీ అనే శాఖాపరమైన పరీక్షలు పాసై ఉండాలి. నేరుగా డిప్యూటీ ఈవో (ఉప విద్యాశాఖాధికారి) కావాలంటే ఏపీపీఎస్సీ పరీక్ష రాయాలి. దానికి అడిగేది పీజీ, బీఈడీ. ఈ రెండు చోట్లా పీహెచ్‌డీ ఊసే ఉండదు.

మరి ఎక్కడ ఉంటుంది? టీచర్లను తయారుచేసే కాలేజీల్లో. టీచర్ శిక్షణను నియంత్రించే జాతీయ మండలి ఎన్‌సీటీఈ 2014 నాటి నిబంధనల ప్రకారం బీఈడీ కాలేజీ ప్రిన్సిపాల్‌కు 55 శాతం మార్కులతో పీజీ, 55 శాతంతో ఎంఈడీ, ఎడ్యుకేషన్‌లో గానీ ఆ కాలేజీలో చెప్పే బోధనాంశంలో గానీ పీహెచ్‌డీ ఉండాలి. వాటితో పాటు టీచర్ ఎడ్యుకేషన్ కాలేజీలో ఎనిమిదేళ్ల బోధన అనుభవం కావాలి. ఎడ్యుకేషనల్ అడ్మినిస్ట్రేషన్‌లోనో లీడర్‌షిప్‌లోనో డిప్లొమా ఉంటే మంచిదని కూడా అందులోనే ఉంది. ఆ ఎనిమిదేళ్లు గమనించండి. మీరు హైస్కూల్లో పాతికేళ్లు పాఠం చెప్పినా ఆ లెక్కలోకి రాదు. ఇక యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసరు పోస్టుకు 2023 జులై నుంచి నెట్, సెట్, స్లెట్ అనే అర్హత పరీక్షల్లో ఒకటి పాసై ఉంటే చాలు, పీహెచ్‌డీ తప్పనిసరి కాదు.

ఇంత చెప్పాక కూడా చేయాలనిపిస్తే, అది మంచి గుర్తు. కింద రాసేదంతా అలాంటివాళ్ల కోసమే.

ముందు కొలబద్దలు

యూనివర్సిటీ పేరు పట్టుకుని వెతకడం మొదలుపెడతారు చాలామంది. నా దృష్టిలో అది చివర చూడాల్సిన సంగతి. మొదట చూడాల్సినవి వేరే ఉన్నాయి.

ఒకటి, అర్హత. ఎడ్యుకేషన్‌లో పీహెచ్‌డీకి పీజీలో 55 శాతం ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, ఈడబ్ల్యూఎస్, దివ్యాంగులకు 5 శాతం సడలింపు ఉంది. మన స్టాఫ్‌రూముల్లో సగం మంది ఎమ్మెస్సీ బీఈడీలు, ఎంఏ బీఈడీలు. ఇక్కడ పీజీ అంటే ఎడ్యుకేషన్‌లో పీజీ, అంటే ఎంఈడీ. ఎమ్మెస్సీ ఫిజిక్స్‌తో ఎడ్యుకేషన్ విభాగం తలుపు తట్టి వెనక్కి వచ్చినవాళ్లు నాకు తెలుసు. ఎంఏ ఎడ్యుకేషన్ ఉన్నవాళ్లు ఆ ఏడాది నోటిఫికేషన్‌లో తమ డిగ్రీ పేరు ఉందో లేదో అక్షరం అక్షరం చదువుకోవాలి.

రెండు, గైడు. దీన్ని నేను గంటల్లో కొలుస్తాను. మీ ఇంటి గుమ్మం నుంచి గైడు గది దాకా ఎన్ని గంటలు? యూనివర్సిటీలను నియంత్రించే యూజీసీ 2022లో పెట్టిన నిబంధనల ప్రకారం ప్రతి సెమిస్టరూ రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు మీ పని చూపించాలి. కాగితం మీద అది ఏడాదికి రెండు సార్లే. కానీ గైడుతో కూర్చుని ఒక అధ్యాయాన్ని చించి మళ్లీ కుట్టుకోవాలంటే నెలకొకసారైనా వెళ్లాల్సిందే. ప్రొఫెసరు ఎనిమిది మందికి, అసోసియేట్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసరు నలుగురికి మించి ఒకేసారి గైడుగా ఉండకూడదు. రిటైర్మెంటుకు మూడేళ్లలోపు ఉన్నవారు కొత్తవాళ్లను తీసుకోకూడదు. అందుకే సీటు దొరకడమంటే అసలు అర్థం గైడు దగ్గర ఖాళీ దొరకడమే.

మూడు, కాలం. కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. మళ్లీ రిజిస్టర్ చేయించుకుంటే మరో రెండేళ్లు. మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికి ఇంకో రెండేళ్ల వెసులుబాటు ఉంది, అన్నీ కలిపి పదేళ్లు దాటకూడదు. ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు 240 రోజుల దాకా దొరుకుతుంది.

నాలుగు, డబ్బు. ఇంటి దగ్గరి దారుల్లో ఫీజు కన్నా ప్రయాణాలు, జిరాక్సులు, టైపింగు, బైండింగు ఎక్కువ తింటాయి.

ఐదోది, మీరు పరిశోధించబోయే ప్రశ్న. దానికి విడిగా చోటు కావాలి, తర్వాత వస్తాను.

| దారి | ఉద్యోగం చేస్తూ వీలా? | ఎక్కడికి తిరగాలి | పట్టా విలువ | బరువు ఎక్కడ |
|---|---|---|---|---|
| రాష్ట్ర యూనివర్సిటీలో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ | వీలే, శాఖ ఇచ్చే అనుమతి పత్రం (ఎన్‌ఓసీ) ఉంటే | రాజమహేంద్రవరం, విశాఖ, గుంటూరు వైపు | సందేహం లేదు | శని, ఆదివారాలు పోతాయి |
| జేఆర్‌ఎఫ్ (నెలనెలా డబ్బిచ్చే పరిశోధన ఫెలోషిప్)తో ఫుల్‌టైమ్ | కుదరదు | క్యాంపస్‌లోనే ఉండాలి | సందేహం లేదు | వయసు, సెలవు |
| ఢిల్లీ నీపా (విద్యా ప్రణాళిక, పాలన జాతీయ సంస్థ) | పార్ట్‌టైమ్ కూడా ఉంది | ఢిల్లీ | ఈ రంగంలో పెద్ద పేరు | దూరం, పోటీ |
| విదేశీ ఎడ్‌డీ | పార్ట్‌టైమ్ ఉంటుంది | ఆ దేశానికి | ఇక్కడి పట్టాతో తుల్యత (సమానమన్న గుర్తింపు) తేలాలి | లక్షల ఖర్చు |
| ఆన్‌లైన్ 'డాక్టరేట్' | ఫోన్‌లోనే | ఎక్కడికీ వద్దు | లేదు | డబ్బు, పరువు |
| పీజీ డిప్లొమా | హాయిగా | దాదాపు ఇంటి నుంచే | డాక్టరేట్ కాదు | పేరు ముందు ఏమీ చేరదు |

ఇంటి దగ్గరి పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ

ఉద్యోగంలో ఉన్న నూటికి తొంభై మందికి నేను చెప్పేది ఇదే. రాజమహేంద్రవరంలో 2006లో పెట్టిన ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం, విశాఖలో 1926 నాటి ఆంధ్ర విశ్వవిద్యాలయం, గుంటూరు దగ్గర 1976లో వచ్చిన ఆచార్య నాగార్జున. మన డెల్టా వాళ్లకు ఈ మూడే చేతికందే దూరంలో ఉన్నాయి. రాష్ట్ర యూనివర్సిటీల్లో ప్రవేశం ఏపీ ఆర్‌సెట్ అనే ప్రవేశ పరీక్ష ద్వారా జరుగుతుంది. పరీక్షలో సగం ప్రశ్నలు పరిశోధన పద్ధతుల మీద, సగం సబ్జెక్టు మీద. తుది లెక్కలో రాతపరీక్షకు 70, ఇంటర్వ్యూకు 30. పాఠాలు చెప్పి చెప్పి సబ్జెక్టు నోటికొచ్చినవాళ్లు కూడా పరిశోధన పద్ధతుల దగ్గర తడబడతారు. శాంపిలింగు, పరికల్పన, టీ పరీక్ష, కై స్క్వేర్‌లను ఎంఈడీలో చదివి మరిచిపోయి ఉంటాం. ఆ పుస్తకాలు అటక మీద నుంచి దించండి.

మూడింటిలో ఏది? అమలాపురం వాళ్లకు రైలు లేదు. రావులపాలెం మీదుగా బస్సెక్కితే రాజమహేంద్రవరం పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. కాకినాడ, తుని వైపు వాళ్లకు విశాఖ రైలు సుఖం. భీమవరం, పాలకొల్లు, నరసాపురం వాళ్లు గుడివాడ మీదుగా విజయవాడ చేరి నాగార్జునకు వెళ్లడం కుదురుతుంది కాబట్టి రెండు వైపులా చూసుకోవచ్చు. ఆంధ్రా పేరు పెద్దది, లైబ్రరీ పాతది, నిజమే. కానీ రాజోలు నుంచి విశాఖ వెళ్లి రావడానికి రెండు రోజులు కావాలి. నెలకు రెండు రోజుల చొప్పున ఆరేళ్లంటే 144 రోజులు. మీ గైడు నన్నయలో ఉండి, మీ అంశం తెలిసినవారైతే, ఆంధ్రా అన్న పేరు కోసం ఆ రోజులు ధారపోయక్కర్లేదు. నేనైతే పోయను.

ఎన్‌ఓసీ సంగతి ఒకటుంది. పార్ట్‌టైమ్ అభ్యర్థి తన శాఖ నుంచి తెచ్చే పత్రంలో మూడు మాటలు స్పష్టంగా ఉండాలి: పార్ట్‌టైమ్‌గా చదవడానికి అనుమతిస్తున్నామని, పరిశోధనకు చాలినంత సమయం ఉద్యోగంలో దొరుకుతుందని, అవసరమైతే కోర్సువర్క్ కోసం విధుల నుంచి రిలీవ్ చేస్తామని. స్కూల్ అసిస్టెంటుకు డీఈవో, గెజిటెడ్ హెడ్మాస్టరుకు కాకినాడ ఆర్జేడీ (ప్రాంతీయ సంయుక్త సంచాలకులు) సంతకం చేయాలి. నోటిఫికేషన్ వచ్చాక కాదు, నాలుగు నెలల ముందే అర్జీ పెట్టండి. మూడో మాట లేకుండా 'నో అబ్జెక్షన్' అన్న ఒక్క ముక్కతో వచ్చిన కాగితం పట్టుకుని క్యాంపస్ నుంచి తిరిగొచ్చిన మిత్రుడొకరు ఉన్నారు. ఆ ఏడాదికి ఆయన కథ అంతే.

చేరాక కోర్సువర్క్. 12 నుంచి 16 క్రెడిట్లు, అందులో 55 శాతం తెచ్చుకోవాలి. పరీక్ష హాల్లో జవాబుపత్రం ఇచ్చి పుచ్చుకునే వైపు నుంచి రాసే వైపుకు మారడం మొదటి రోజు కాస్త సిగ్గనిపిస్తుంది. పక్క బెంచీలో మన పాత స్టూడెంట్ కూర్చుని "గుడ్ మార్నింగ్ సార్" అంటే ఇంకానూ.

జేఆర్‌ఎఫ్‌తో ఫుల్‌టైమ్

ఇది ఇంకా ఉద్యోగంలో స్థిరపడని కుర్రకారు దారి. నెట్‌లో ఎడ్యుకేషన్ ఒక సబ్జెక్టు. జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000 రూపాయలు. దీనికి 30 ఏళ్ల వయోపరిమితి, మహిళలకూ రిజర్వుడు వర్గాలకూ ఐదేళ్ల సడలింపు ఉన్నాయి. 2024 జూన్ నుంచి నెట్ ఫలితాలను మూడు వర్గాలుగా ఇస్తున్నారు: జేఆర్‌ఎఫ్‌తో అన్నిటికీ అర్హులు, అసిస్టెంట్ ప్రొఫెసరుకూ పీహెచ్‌డీకీ అర్హులు, పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే అర్హులు. మూడో వర్గానికి వయసుతో పనిలేదు కాబట్టి నలభై దాటిన టీచర్లు కూడా రాయవచ్చు. అయితే ఆ మార్కులు ప్రవేశానికి ఏడాదే చెల్లుతాయి.

ఉద్యోగంలో ఉన్నవాళ్లు ఫుల్‌టైమ్ అనుకుంటే స్టడీ లీవు, జీతం, సర్వీసు లెక్కలు అన్నీ ముడిపడతాయి. ఇద్దరు పిల్లలు, ఇంటి లోను ఉన్న స్కూల్ అసిస్టెంటుకు ఈ దారి నేను చెప్పను.

ఢిల్లీ నీపా

స్కూల్ అడ్మినిస్ట్రేషన్ అనే మాటకు దేశంలో సొంతిల్లు ఏదంటే ఇదే. 1962లో యునెస్కో ప్రాంతీయ కేంద్రంగా మొదలై, 2006లో డీమ్డ్ యూనివర్సిటీ అయింది. 2012లో ఇక్కడే నేషనల్ సెంటర్ ఫర్ స్కూల్ లీడర్‌షిప్ పెట్టారు. మామూలు ఎడ్యుకేషన్ విభాగంలో మీ గైడు మనస్తత్వశాస్త్రం నుంచి వచ్చి ఉండవచ్చు, బోధనా పద్ధతుల నుంచి వచ్చి ఉండవచ్చు. నీపాలో అధ్యాపకులంతా ప్రణాళిక, నిధులు, పాలన, సమానత్వం మీదే పని చేస్తారు. చదువు రంగంలో పనిచేస్తున్నవాళ్లకు పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ కూడా ఉంది.

చిక్కేమిటంటే రాజమహేంద్రవరంలో ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఢిల్లీకి ఒకటిన్నర రోజు. విద్యాశాఖలో రాష్ట్ర స్థాయిలో, సమగ్ర శిక్షలో, డైట్ (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ)లో పనిచేస్తూ విధాన స్థాయి ప్రశ్నలు మనసులో ఉన్నవాళ్లకు ఆ ప్రయాణం గిట్టుబాటవుతుంది. బొమ్మూరు డైట్‌లో లెక్చరరుగా ఉన్నవారైతే ఒకసారి గట్టిగా ఆలోచించమంటాను. ఒక్క హైస్కూలు చుట్టూ తిరిగే ప్రశ్నకు అంత దూరం అక్కర్లేదు.

విదేశీ ఎడ్‌డీ, దాని నకిలీ నీడ

ఎడ్‌డీ అంటే డాక్టర్ ఆఫ్ ఎడ్యుకేషన్. పీహెచ్‌డీ కొత్త జ్ఞానం అడుగుతుంది. ఎడ్‌డీ మీ బడిలో మీకెదురైన సమస్యను పట్టుకుని, దాని మీద పరిశోధన చేసి, మీ పనిని మార్చమంటుంది. బ్రిటన్‌లో ఇవి చాలావరకు పార్ట్‌టైమ్‌లో నడుస్తాయి. మొదట మాడ్యూళ్లు, తర్వాత థీసిస్. ఈ రెండు డిగ్రీల తేడా మీద అమెరికాలో నూరేళ్లుగా తగువు నడుస్తోంది. హార్వర్డ్ విద్యా కళాశాల 1920లో ఏర్పడినప్పటి నుంచి ఎడ్‌డీ ఇచ్చింది, చివరకు అది మానేసి పీహెచ్‌డీ పెట్టుకుంది. విద్యావ్యవస్థలను నడిపేవాళ్ల కోసమని 2010లో ఎడ్‌ఎల్‌డీ అనే మూడేళ్ల డిగ్రీ వేరుగా తెచ్చింది. అంటే పరిశోధకుడికొకటి, నడిపించేవాడికొకటి. నిజం చెప్పాలంటే మన హెడ్మాస్టర్లలో చాలామందికి సరిపోయేది ఈ రెండో రకమే, కానీ మన యూనివర్సిటీల్లో ఈ రంగంలో డాక్టరేటంటే పీహెచ్‌డీయే.

పిల్లలు విదేశాల్లో స్థిరపడి, తామూ అక్కడికి వెళ్లి అంతర్జాతీయ పాఠశాలల్లో పనిచేద్దామనుకునే ప్రైవేటు ప్రిన్సిపాళ్లు కొందరున్నారు. వాళ్లకు ఎడ్‌డీ అర్థవంతమైన పెట్టుబడి. ఇక్కడే ఉండేవాళ్లు మాత్రం తుల్యత చూసుకోవాలి. 2025 ఏప్రిల్లో యూజీసీ తెచ్చిన నిబంధనల ప్రకారం విదేశీ పట్టా నేరుగా తరగతిలో చదివి తెచ్చుకున్నదై ఉండాలి. ఫ్రాంచైజీ ఏర్పాటు కింద వచ్చినదానికి తుల్యత దొరకదు.

ఇక ఆ ఫోన్ కాల్ సంగతి. "సార్, మీ అనుభవానికే క్రెడిట్లు ఇచ్చేస్తాం, పద్దెనిమిది నెలలు, ఈఎంఐ ఉంది" అనే ఆ తియ్యటి గొంతు. పీహెచ్‌డీని దూరవిద్యలోనూ, ఆన్‌లైన్లోనూ ఇవ్వకూడదన్నది 2022 నిబంధన. విదేశీ సంస్థలతో కలిసి ఎడ్‌టెక్ కంపెనీలు ఇచ్చే ఆన్‌లైన్ పీహెచ్‌డీలకు గుర్తింపు లేదని యూజీసీ, సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ కలిసి 2022 అక్టోబరులో ప్రకటన ఇచ్చాయి. అయినా మన ఊళ్లలో ఫ్లెక్సీల మీద కొత్త డాక్టర్లు పుడుతూనే ఉన్నారు. అలాంటి పట్టాను సర్వీసు రిజిస్టరులో ఎక్కించబోయి సంజాయిషీ రాసుకోవాల్సి వస్తే ఆ గొంతు మళ్లీ ఫోన్ ఎత్తదు.

మేనేజ్‌మెంట్, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ వైపు నుంచి

ఎంఈడీ లేక, ఎంబీఏనో ఎంఏ పబ్లిక్ అడ్మినిస్ట్రేషనో ఉన్నవాళ్లు ఆ విభాగాల్లో చేరి బడి పాలనను అంశంగా తీసుకోవచ్చు. ఎంఈడీకి రెండేళ్లు పోయకుండా తప్పించుకునే దారి ఇది. ప్రైవేటు బడుల యాజమాన్యాలకు మేనేజ్‌మెంట్ వైపు బాగానే ఉంటుంది. బీఈడీ కాలేజీ వైపు మనసుంటే మాత్రం ఇది పనికిరాదు, ఎన్‌సీటీఈ అడిగేది ఎడ్యుకేషన్‌లోనో బోధనాంశంలోనో పీహెచ్‌డీ.

డాక్టరేట్ వద్దు, డిప్లొమా చాలు

ఈ మాట చెబితే ముఖం చిన్నబుచ్చుకుంటారు గానీ, నన్ను అడిగేవాళ్లలో సగం మందికి ఇదే సరైన జవాబు. రేపు హెడ్మాస్టరుగా చార్జి తీసుకోబోతున్నారు, లెక్కలు రావు, టైంటేబుల్ వేయడం రాదు, తల్లిదండ్రుల కమిటీతో మాట్లాడటం రాదు. దానికి ఆరేళ్ల పరిశోధన ఎందుకు? ఇగ్నోలో ఎడ్యుకేషనల్ మేనేజ్‌మెంట్, అడ్మినిస్ట్రేషన్ మీద పీజీ డిప్లొమా దూరవిద్యలో ఉంది. నీపాలో ప్రణాళిక, పాలన మీద డిప్లొమా ఉంది. పైన చెప్పిన బీఈడీ ప్రిన్సిపాల్ నిబంధనలో 'ఉంటే మంచిది' అన్న డిప్లొమా ఈ రకమైనదే. ఒకటి చదివి చూడండి. ఏడాది తర్వాత కూడా ప్రశ్నలు మిగిలి, డిప్లొమా పుస్తకాల్లో జవాబు దొరక్కపోతే అప్పుడు పీహెచ్‌డీ గురించి మాట్లాడుకుందాం.

ఇప్పుడు ప్రశ్న

థీసిస్‌లన్నీ పెట్టే శోధ్‌గంగ వెబ్‌సైట్లో మన యూనివర్సిటీల ఎడ్యుకేషన్ థీసిస్‌లు తిరగేస్తే ఒకే మూసలో పోసినవి వరసగా దొరుకుతాయి. హెడ్మాస్టర్ల నాయకత్వ శైలి, ఉపాధ్యాయుల ఉద్యోగ సంతృప్తి, ఫలానా జిల్లా. జిల్లా పేరు మార్చితే ఇంకో థీసిస్. ఒక ప్రశ్నావళి, కొన్ని వందల టీచర్లు, స్త్రీపురుషుల మధ్య తేడా ఉందా లేదా అని ఒక పట్టిక. ఇవి పాసవుతాయి. కానీ ఆరేళ్ల శనివారాలు దీనికి ఇవ్వడం నా మనసుకు ఒప్పదు.

మన డెల్టాలో బడి నడపడం అంటేనే ఎన్నో ప్రశ్నలు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. లంక గ్రామాల్లో బడులు మునిగాయి, కొన్ని పునరావాస కేంద్రాలయ్యాయి. ఆ వారాల్లో ఆ హెడ్మాస్టర్లు ఏం నిర్ణయించారు, ఎవరిని అడిగి నిర్ణయించారు, బడి మళ్లీ ఎప్పుడు తెరవాలన్న మాట ఎవరిది? వరద పాలన మీద సర్క్యులర్లు ఉన్నాయి గానీ, పడవ మీద బడికి వెళ్లే టీచరు కళ్లతో చూసిన పరిశోధన కావాలి.

అదే ఏడాది జూన్‌లో 117 జీవో వచ్చి, మూడు నుంచి అయిదు తరగతులను హైస్కూళ్లలో కలిపింది. 2025లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. కలిపి, మళ్లీ విడదీసిన ఆ మూడేళ్లలో ఒక హైస్కూలు హెడ్మాస్టరు పని ఎలా మారింది? చిన్నపిల్లల తల్లులు అతన్ని ఏమడిగారు? ఎనిమిదేళ్ల పిల్ల కాలవ గట్టు మీద నడవాల్సిన దూరాన్ని ఏ ఫైల్లో కొలిచారు? ఇలాంటి అంశానికి నాలుగు బడులు చాలు. లోతుగా, ఏడాది పాటు చూడాలి. ప్రశ్నావళితో తేలేది కాదు.

ఎఫ్‌ఏసీ హెడ్మాస్టర్ల సంగతి ఇంకోటి. రెగ్యులర్ పోస్టు లేకుండా, పూర్తి అదనపు చార్జి (ఎఫ్‌ఏసీ) మీద ఏళ్ల తరబడి బడి నడిపే సీనియర్ అసిస్టెంట్ల అధికారం ఎంత, బాధ్యత ఎంత? అలాగే యాప్‌లు. మధ్యాహ్న భోజనం ఫొటో, మరుగుదొడ్డి ఫొటో, హాజరు. పొద్దున తొమ్మిది నుంచి పదకొండు దాకా హెడ్మాస్టరు ఫోన్ స్క్రీన్ ముందు ఎంతసేపు, తరగతి గుమ్మంలో ఎంతసేపు అని గడియారం పట్టుకుని కొలిస్తే చాలు, ఒక అధ్యాయం తయారు. మండలానికి రెండు ఎంఈవో (మండల విద్యాశాఖాధికారి) పోస్టుల విధానంతో అక్కడ ఎవరి మాట ఎవరు వింటున్నారన్నది కూడా మంచి అంశమే, కాస్త ధైర్యం కావాలి.

చరిత్ర మీద మోజు ఉన్నవాళ్లకు వేరే గని ఉంది. కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టారు. ఆనాటి నుంచి తాలూకా బోర్డులు, జిల్లా బోర్డుల బడులను ఎవరు తనిఖీ చేశారు, ఏం రాశారు? రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయంలో పాత పుస్తకాల మధ్య కూర్చోవడం ఇష్టమైతే ఆరేళ్లు ఎలా గడిచాయో తెలియదు.

ఒక జాగ్రత్త. మీ సొంత బడి మీదే పరిశోధన చేస్తే మీ కింద పనిచేసే టీచర్లు మీకు నిజం చెప్పరు. హెడ్మాస్టరు అడిగిన ప్రశ్నకు "అంతా బాగుందండీ" అనే జవాబు వస్తుంది. పక్క మండలం బడులు తీసుకోండి.

ఎవరికి ఏది చెబుతాను

ఎంఈడీ అయి, ఇరవై ఎనిమిదేళ్లుండి, ప్రైవేటు బడిలో తక్కువ జీతానికి పనిచేస్తున్న అమ్మాయి అడిగితే: నెట్ రాయి, జేఆర్‌ఎఫ్ కోసం రెండు మూడు సార్లు ప్రయత్నించు. వస్తే యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్ లాంటి చోటికి వెళ్లు. ఇంట్లోవాళ్లు పెళ్లి మాట ఎత్తితే నిబంధనల్లో ఉన్న ఆ 240 రోజుల సెలవు, రెండేళ్ల వెసులుబాటు గురించి చదివి వినిపించు.

నలభై దాటిన స్కూల్ అసిస్టెంటు మాస్టారికి, ఎంఈడీ ఉంటే: దగ్గరి యూనివర్సిటీ, పార్ట్‌టైమ్. ముందు గైడుతో ఒక గంట మాట్లాడండి, తర్వాతే ఆర్‌సెట్ ఫీజు కట్టండి. ఎంఈడీ లేకపోతే డిప్లొమా.

యాభై ఆరేళ్ల హెడ్మాస్టరు గారికి: రాష్ట్రంలో రిటైర్మెంటు వయసు ఇప్పుడు 62. నిబంధన ఇచ్చే ఆరేళ్లూ మీ సర్వీసు మిగిలిన ఆరేళ్లూ సరిగ్గా సరిపోతున్నాయి. పట్టా ఏ ఉద్యోగానికీ ఉపయోగపడదు. కానీ ముప్పై ఏళ్లు బడి నడిపి చూసిన సంగతులు ఒక క్రమంలో రాయాలన్న కోరిక గట్టిగా ఉంటే, మీ అంత బాగా చేయగలిగినవాళ్లు తక్కువ. సన్మానం కోసమైతే వద్దండీ, దానికి శాలువా చాలు.

బీఈడీ కాలేజీలో పనిచేస్తున్న లెక్చరరుకు ఇంత ఆలోచన అక్కర్లేదు. ప్రిన్సిపాల్ కుర్చీకి పీహెచ్‌డీ తప్పదు. ఎడ్యుకేషన్‌లోనే చేయండి, ఈ ఏడాదే మొదలుపెట్టండి.

భీమవరంలోనో తణుకులోనో సొంత స్కూలు ఉన్న కరస్పాండెంటుకు: ఎంబీఏ ఉంటే మేనేజ్‌మెంట్ పీహెచ్‌డీ, లేకపోతే డిప్లొమా. బ్రోచర్ మీద 'డా.' కోసమే అయితే ఆ డబ్బుతో బడికి మంచి లైబ్రరీ వస్తుంది.

ఫీజు కట్టే ముందు

థీసిస్ రాసిపెడతామనేవాళ్లు క్యాంపస్ గేటు బయట జిరాక్సు షాపుల దగ్గరే దొరుకుతారు. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం ఇతరుల రచనతో పోలిక పది శాతం దాకా సమస్య లేదు. పది నుంచి నలభై అయితే సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి. నలభై నుంచి అరవై అయితే ఏడాది పాటు సమర్పించకూడదు. అరవై దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. పైగా చివరి మౌఖిక పరీక్ష (వైవా)లో బయటి పరీక్షకుడు "ఈ శాంపిల్ ఎందుకు తీసుకున్నారు?" అని అడిగినప్పుడు ఆ షాపువాడు మీ పక్కన ఉండడు.

మరొకటి. పీహెచ్‌డీ వైవా బహిరంగంగా జరుగుతుంది, ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. మీరు చేరాలనుకునే విభాగంలో వైవా ఎప్పుడుందో ఆఫీసులో అడిగి, ఒక్కదానికైనా వెళ్లండి. మీ గైడు కాబోయేవారు తన విద్యార్థి వైపు ఎలా నిలబడతారో, పరీక్షకులు ఏ ప్రశ్నల దగ్గర పట్టుకుంటారో అరగంటలో తెలిసిపోతుంది. చివర అభ్యర్థి ఖర్చుతో స్వీటు, మిక్చరు, టీ ఉంటాయి. ఆ టీ దగ్గర అదే గైడు దగ్గర నాలుగో ఏడాదిలో ఉన్న స్కాలర్‌ను పక్కకు పిలిచి, మాస్టారూ ఎలా ఉందండీ అని అడగండి.